గంటలో వెలిగిన మట్టి బ్యాటరీ

విజయవాడ ఆటోనగర్లో మాది బ్యాటరీల షాపు. లారీలవి, ఆటోలవి, ఇన్వర్టర్లవి. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఏ బ్యాటరీ చేతికొచ్చినా ముందు మీటరు పెట్టి చూస్తాను, డబ్బా మీద రాసింది తర్వాత చదువుతాను. ఈ రివ్యూ కూడా ఆ వరసలోనే రాస్తున్నాను.

కొన్నది మట్టి బ్యాటరీ కిట్. మట్టిలోని బాక్టీరియాతో కరెంటు పుట్టించేది, మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ అంటారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవం నాడు బడిలో సైన్స్ ఫెయిర్ ఉందంటే సంక్రాంతి ముందు ఆన్‌లైన్లో తెప్పించాం. డెలివరీతో కలిపి 2,890 రూపాయలు. కంపెనీ పేరు రాయను. ఇలాంటి కిట్లు ఇంకో మూడు నాలుగు కనిపించాయి, ఫొటోల్లో తీగ చూస్తే అన్నీ ఒకే తానులో గుడ్డల్లా ఉన్నాయి. ఒక్కళ్ళ మీదే పడటం ఎందుకు?

లోపల రెండు ప్లాస్టిక్ డబ్బాలు, అరచేయంత గుండ్రటి నల్ల ఫెల్టు బిళ్ళలు నాలుగు, తీగలు, చిన్న ఎల్‌ఈడీ ఉన్న సర్క్యూట్ బోర్డు, వాడే విధానం రాసిన కాగితం. బిళ్ళలు కార్బన్ ఫెల్టు. చూడటానికి మాడిన అట్టులా ఉంటాయి గానీ మంచి సరుకు, చేత్తో నలిపినా పొడి రాలలేదు. డబ్బా మీద బొమ్మ మాత్రం చూడాలి! మట్టికుండలోంచి తీగ వెళ్ళి ఇల్లంతా లైట్లు వెలుగుతుంటాయి.

యనమలకుదురు దగ్గర బందరు కాలువ గట్టు దిగి, నీటి అంచు నుంచి అర బకెట్ బురద తెచ్చాం. ఒక బిళ్ళ అడుగున బురదలో పూడ్చి, రెండోది పైన నీళ్ళలో ఉంచాలి. కాగితంలో రెండూ బురదలోనే పూడ్చమని ఉంది. అది తప్పు, ఎందుకో కింద చెప్తాను. బొమ్మలో మాత్రం సరిగ్గానే వేశారు కాబట్టి బొమ్మ చూసి చేశాం. తీగలు కలిపి నేను షాపుకొచ్చేశాను. గంట తిరక్కుండా ఫోను.

"నాన్నా, వెలిగింది! రెండు సెకన్లకోసారి వెలుగుతోంది!"

పిల్ల ఆనందం చూసి నేనూ సంతోషించాలి కదా. నాకేమో అనుమానం మొదలైంది. సాయంత్రం ఇంటికెళ్ళి మీటరు పెడితే 0.94 వోల్టు చూపించింది. మా దగ్గర ఇన్వర్టర్ బ్యాటరీ కొన్న కెమిస్ట్రీ లెక్చరర్ గారొకరు ఉన్నారు, ఆయన్ని అడిగాను. ఇలాంటి సెల్లు లోడు లేకుండా, అంటే దాన్నుంచి ఏదీ కరెంటు తీసుకోనప్పుడు 0.7, మహా అయితే 0.8 వోల్టు చూపిస్తుందని, అది కూడా రోజుల తరబడి ఆగితేనే అని చెప్పారు. బాక్టీరియా ఆ ఫెల్టు మీద చేరాలి, పెరగాలి, పొరలా పట్టాలి. పాలు తోడుపెట్టినా తెల్లారేదాకా ఆగాలి. ఈ బురద గంటకే పెరుగెలా అయింది?

పన్నెండో రోజున ఎల్‌ఈడీ ఆగిపోయింది. అమ్మాయి ముఖం చూడలేకపోయాను. బురద తీసి చూస్తే సంగతి బయటపడింది. అడుగు బిళ్ళకు గుచ్చిన తీగ మొదట తళతళలాడుతూ ఉండేది, ఇప్పుడు మచ్చలు మచ్చలుగా తుప్పు. జీఐ తీగ అది, అంటే జింకు పూత వేసిన ఇనప తీగ. జింకును తడిలో పెట్టి, పక్కన కార్బన్ పెట్టి, పైన గాలి తగలనిస్తే అదే ఒక బ్యాటరీ. టార్చిలైట్లో వేసే మామూలు సెల్లు చీల్చి చూస్తే బయట జింకు డబ్బీ, మధ్యలో కార్బన్ పుల్ల కనిపించేది అందుకే. బాక్టీరియా పేరు చెప్పి మాకు జింకు సెల్లు అమ్మారన్నమాట. పూత కరిగినన్నాళ్ళు వెలిగింది, కరిగాక ఆగింది.

అనుమానంతోనే మనిషిని తిట్టకూడదు, పరీక్ష చేద్దామన్నాను. రెండో డబ్బా కోసం ఉంచిన కాలువ బురదను పాత కుక్కర్లో పోసి మూడు రోజులు వరసగా రోజుకు అరగంట ఉడకబెట్టాను. బాక్టీరియా బతికుండే అవకాశం లేదు. దానికి మిగిలిన జీఐ తీగతోనే సెల్లు కడితే మళ్ళీ గంటలోపే 0.9 వోల్టు! చచ్చిన బురద కూడా కరెంటిస్తోంది. "ఆ కుక్కర్ ఇంక నా వంటింటి గడప తొక్కకూడదండీ" అంది మా ఆవిడ. అది ఇప్పుడు షాపులోనే ఉంది.

కాబట్టి ఈ కిట్ కొన్నవాళ్ళు మొదట చేయాల్సిన పని ఆ తీగలు పారేయటం. మా పక్క వెల్డింగ్ షాపులో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగ్ తీగ ఒక మీటరు అడిగి తెచ్చుకున్నాను, డబ్బులు కూడా తీసుకోలేదు. టైటానియం తీగ అయితే ఇంకా మంచిది, ఉప్పు నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటుంది. రాగి తీగ మాత్రం నీళ్ళలో మునగనివ్వకండి. రాగి కరిగితే బాక్టీరియాకు విషం, పైగా తప్పుడు రీడింగు.

స్టీలు తీగతో మొదటి రోజు మీటరు దాదాపు సున్నా. అమ్మాయి నీరసపడింది, నాకు మాత్రం నమ్మకం కుదిరింది. నిజమైన సెల్లు సున్నా నుంచే లేవాలి.

ఇంతకీ లోపల జరిగేదేమిటంటే, మనం తిన్న తిండిలోంచి వచ్చే ఎలక్ట్రాన్లను చివరికి పీల్చిన ఆక్సిజన్‌కు అప్పగిస్తాం. బురదలో కాస్త లోతుకు పోతే ఆక్సిజన్ ఉండదు. అక్కడి బాక్టీరియా ఇనప తుప్పుకో, సల్ఫేటుకో అప్పగించి బతుకుతాయి. వాటి మధ్య కార్బన్ పెడితే కొన్ని జాతులు ఎలక్ట్రాన్లను దాని మీద దింపేస్తాయి. అవి తీగ వెంట పై బిళ్ళకు వెళ్ళి నీళ్ళలోని ఆక్సిజన్‌ను కలుస్తాయి. పై బిళ్ళను కూడా బురదలో పూడిస్తే దానికి ఆక్సిజన్ ఏది? కాగితం తప్పన్నది అందుకే. సూక్ష్మజీవుల నుంచి కరెంటు వస్తుందని ఇంగ్లండులో పాటర్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ 1911లోనే చూపించారు. ఇందులో బాగా పేరున్న జియోబాక్టర్ 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదలో దొరికింది. ఇవన్నీ అమ్మాయి చార్టు మీద రాసుకుంది, నేను దాని దగ్గరే నేర్చుకున్నాను.

కాలువ బురద మూడు వారాలకు 1,000 ఓంల రెసిస్టర్ మీద 0.2 వోల్టు దగ్గర నిలబడింది. అంటే 40 మైక్రోవాట్లు. ఎల్‌ఈడీ అర నిమిషానికోసారి ఏదో మొక్కుబడిగా మెరిసేది.

ఈలోగా రెండో డబ్బాలోకి బందరు బురద వచ్చింది. మా బావమరిది గిలకలదిండిలో బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. సముద్రపు బురద కావాలని ఫోన్ చేశాను.

"బందరు నుంచి అందరూ లడ్డూలు తెమ్మంటారు. నువ్వొక్కడివే బురద తెమ్మన్నావు బావా!"

లడ్డూలు కూడా తెచ్చాడు లెండి. మడచెట్ల దగ్గర ఉప్పుటేరు ఒడ్డున, నీళ్ళు వెనక్కి తగ్గే పాటు సమయంలో తీసిన బురద అది. ఒక పెయింటు డబ్బా నిండా, పైన ఏటి నీళ్ళు పోసి తెచ్చాడు. కాటుకలా నల్లగా ఉంది. మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ వాసనే అసలు సరుకని లెక్చరర్ గారన్నారు. సముద్రపు నీళ్ళలో సల్ఫేటు బాగా ఉంటుంది. బురదలోని బాక్టీరియా దాన్ని సల్ఫైడుగా మారుస్తాయి, ఆ సల్ఫైడు కూడా కింది బిళ్ళ దగ్గర ఎలక్ట్రాన్లు వదులుతుంది. దానికి తోడు ఉప్పు నీళ్ళు. కాలువ నీటితో పోలిస్తే సముద్రపు నీరు కరెంటును దాదాపు వంద రెట్లు బాగా పోనిస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే సెల్లు లోపలే కరెంటుకు తగిలే అడ్డు, పడిపోతుంది. ముసలి బ్యాటరీకీ కొత్త బ్యాటరీకీ ఉండే తేడా అదే. వోల్టేజీ రెండూ ఒకటే చూపిస్తాయి, సెల్ఫు కొట్టినప్పుడు తెలుస్తుంది.

ఫిబ్రవరి 20 నాటికి బందరు డబ్బా అదే 1,000 ఓంల మీద 0.36 వోల్టు ఇచ్చింది. 130 మైక్రోవాట్లు. కాలువ బురదకు మూడు రెట్లు పైనే. బిళ్ళ వైశాల్యంతో లెక్కేస్తే చదరపు మీటరుకు 20 మిల్లీవాట్లు. అసలు సముద్రాల్లో దింపినవి కూడా చదరపు మీటరుకు పదుల మిల్లీవాట్ల లెక్కలోనే ఉంటాయని తెలిశాక నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

గర్వం ఎంతసేపులెండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీని ఈ డబ్బాతో చార్జ్ చేస్తే ఎన్నాళ్ళు పడుతుందో కాగితం మీద లెక్కేశాను. నష్టాలు పక్కన పెట్టినా సుమారు 1,580 ఏళ్ళు. కృష్ణకు అవతలి ఒడ్డున ఉండవల్లి గుహలు తొలిచే రోజుల్లో పెట్టి ఉంటే ఈపాటికి నిండేదేమో. డబ్బా మీద ఇంటి బొమ్మ వేసిన వాళ్ళకు ఈ లెక్క పంపాను.

ఫెయిర్‌లో చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన అడగనే అడిగారు, "దీంతో సెల్‌ఫోన్ చార్జ్ అవుతుందా అమ్మా?"

"అవుతుంది సార్, పదిహేడేళ్ళు పడుతుంది. కానీ సముద్రం అడుగుకు వెళ్ళి ఫోన్ చార్జింగ్ ఎవరు మారుస్తారు సార్?"

ఆ రెండో మాట నేను నేర్పింది కాదు. మొత్తం రివ్యూలో నేను చెప్పాల్సింది కూడా అదే. ఈ వస్తువు ఇంటి కోసం పుట్టలేదు. సముద్రం అడుగున ఎండ ఉండదు, సోలార్ పలక పనికిరాదు. సునామీ హెచ్చరికల కోసం నీటి ఒత్తిడి కొలిచే పరికరాలు అడుగునే కూర్చుంటాయి, బ్యాటరీల మీదే నడుస్తాయి. అవి అయిపోయే లోపు ఓడ వేసుకుని వెళ్ళి మార్చాలి. మన హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ నడిపే సునామీ కేంద్రానికి ఇలాంటి పరికరాల సమాచారం కూడా ఆధారమే. అక్కడ బ్యాటరీ ఖరీదు కాదు లెక్క, ఓడ ఖర్చు. అడుగునున్న బురదే తిండి, పైనున్న నీళ్ళే గాలి అయితే ఇక మార్చే పని ఉండదు.

సముద్రపు బురద నుంచి ఇలా కరెంటు తీయొచ్చని 2001లో క్లేర్ రైమర్స్, లెనార్డ్ టెండర్ వాళ్ళ బృందం చూపించింది. ఆ టెండర్ గారి జట్టే 2008లో నీళ్ళ మీద తేలుతూ వాతావరణం కొలిచే ఒక బోయాను మొత్తం బురద కరెంటు మీద నడిపినట్టు ప్రచురించింది. అందులోని లెక్కలు నాలాంటివాడికి పండగ. బోయాకు కావాల్సింది సగటున 18 మిల్లీవాట్లు. మొదటి సెల్లు పొటోమాక్ నదిలో దింపారు. బరువు 230 కిలోలు, ఇచ్చింది 24 మిల్లీవాట్లు. ఏడాదంతా కలిపితే టార్చిలైట్లో వేసే లావు ఆల్కలైన్ సెల్లు 16 ఇచ్చినంత. మూడు లారీ బ్యాటరీలకు పైన బరువు మోసి పదహారు టార్చి సెల్లు! ఎవరైనా నవ్వుతారు. కానీ రెండోది చూడండి. 16 కిలోలు, 36 మిల్లీవాట్లు, ఏడాదికి 26 సెల్లు, చిన్న పడవలోంచి ఒక్క మనిషి దింపేయొచ్చు. దాన్ని పెట్టింది న్యూజెర్సీలో ఉప్పు నీటి చిత్తడి నేలలో. అక్కడి బురద మా గిలకలదిండి బురదకు అన్నదమ్ముడే.

వోల్టేజీ పెంచే సంగతి దగ్గర నేనొక దెబ్బ తిన్నాను. రెండు డబ్బాలను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే వోల్టేజీలు కలిశాయి, అంతా బాగుంది. సముద్రంలో కూడా ఇలా వరసగా పెట్టేస్తే సరిపోదా అనుకుని, రెండు జతల బిళ్ళల్నీ ఒకే టబ్బులో, ఒకే బందరు బురదలో పెట్టి సిరీస్ కలిపాను. రెండు జతలున్నా మీటరులో ఒక్క జత వోల్టేజీయే! తల గోక్కున్నాను. మా హెల్పర్ కుర్రాడు చూసి, "అన్నా, ఇది గోడ పగిలిన బ్యాటరీ లాంటిదే కదా" అన్నాడు. అంతే కదా మరి. లారీ బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది రెండు వోల్టుల చిల్లర. మధ్య గోడ చిట్లి రెండు గదుల ఆసిడ్ కలిస్తే ఆ మేరకు రెండు వోల్టులు పోతాయి, ఇలాంటివి నెలకొకటైనా వస్తుంది మాకు. సముద్రానికి గోడలెక్కడివి? నీళ్ళన్నీ ఒకటే. అందుకే అక్కడ సిరీస్ పనికిరాదు. ఒక్క సెల్లు ఇచ్చే మూడు నాలుగు వందల మిల్లీవోల్టులనే ఎలక్ట్రానిక్ బోర్డుతో పైకి లేపి, కెపాసిటర్లో దాచి, నిండినప్పుడు పరికరానికి ఒక్కసారిగా ఇవ్వాలి. ఈ కిట్‌లో బోర్డు చేస్తున్నది కూడా అదే. ఎరుపు ఎల్‌ఈడీ వెలగాలంటే 1.8 వోల్టులు కావాలి. 0.36తో తిన్నగా వెలగదు. దాచుకుని దాచుకుని ఒక్కసారి మెరుస్తుంది. కాబట్టి బోర్డుకు నా పూర్తి మార్కులు. ఇంత తక్కువ వోల్టేజీ నుంచి లేచే బోర్డు ఈ ధరలో ఇవ్వటం మెచ్చుకోవాల్సిందే.

మార్చిలో రొయ్యల ప్రయోగం. సెల్లు పవరు పెంచాలంటే బాక్టీరియాకు మేత పెంచాలి. 2007లో పెన్సిల్వేనియాలో పరిశోధకులు బురద సెల్లు అడుగు బిళ్ళ దగ్గర కైటిన్ చేర్చి చూశారు. రొయ్య పొట్టు, పీత డిప్పల్లో ఉండేది అదే. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి చాలాకాలం మేతగా ఉంటుంది. రొయ్య పొట్టుకు మనకు కరువా? ఆదివారం వంటింట్లో మిగిలిన పొట్టు మిద్దె మీద ఎండబెట్టి, దంచి, గుప్పెడు పొడి బందరు డబ్బాలో అడుగు బిళ్ళ కింద కలిపాను. పది రోజులకు 0.36 కాస్తా 0.43 అయింది. అంటే 185 మైక్రోవాట్లు. వాసన ఎంత పెరిగిందో కొలిచే మీటరు మా దగ్గర లేదు గానీ, డబ్బా ఇల్లు వదిలి షాపుకు వచ్చేసింది. కుక్కర్‌కు తోడు.

బురద జోలికే పోకుండా, నీళ్ళలో తేలే నాచు, చెత్త మేతగా వాడే పని కూడా జరుగుతోంది. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 'బ్లూ' పేరుతో డబ్బులు పెట్టింది. మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయం జట్టు గొట్టాల్లో యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు నింపుతోంది. మన ఇంటి వాటర్ ఫిల్టర్లో ఉండే నల్ల గుళికలే. నీళ్ళలోని ఆహారం వాటికి అంటుకుంటుంది, బాక్టీరియా అక్కడే కాపురం పెడతాయి. చిక్కల్లా ఆక్సిజన్‌తోనే. పక్కనే ఆక్సిజన్ ఉంటే బాక్టీరియా ఎలక్ట్రాన్లను దానికే ఇచ్చేస్తాయి, మన కార్బన్‌ను పట్టించుకోవు. బురదలో ఆ బెడద లేదు. అయితే పై బిళ్ళకు ఆక్సిజన్ కావాలి, మన బంగాళాఖాతంలో చూస్తే నడిలోతుల్లో ఆక్సిజన్ బాగా తక్కువ. ఎక్కడ పడితే అక్కడ దింపితే కుదరదు.

ఇక కంపెనీ వాళ్ళ సంగతి. తీగ గురించి ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. "మూడు వారాలు ఆగమంటే పిల్లలు విసిగిపోతారు సార్, రిటర్న్ పెట్టేస్తారు. అందుకే ఆ తీగ" అన్నాడు. అంటే తెలిసే చేశారు. నాకు కోపం వచ్చింది అక్కడే. జీఐ తీగ చవకని వేశామంటే వ్యాపారం అనుకునేవాణ్ణి, మేమూ వ్యాపారులమే. పిల్ల చార్టు మీద బాక్టీరియా అని రాసుకుని, పదిమంది ముందు నిలబడి జింకును చూపిస్తే ఎలా ఉండేది? తర్వాతిసారి కొంటే పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. అది ఇంకా వాడలేదు.

కొనాలా వద్దా అంటే, ఫెల్టు, బోర్డు కోసం 1,500కు దొరికితే కొనండి. 2,890 ఎక్కువ. తీగ, కాగితం చెత్తబుట్టకే. మీటరు లేని ఇంట్లో దీనికి అర్థం లేదు, 300 రూపాయల మీటరు చాలు. మట్టి విజయవాడ, గుంటూరు వాళ్ళు కాలువలో తీసుకున్నా పని జరుగుతుంది, సూర్యలంకకో బందరుకో వెళ్ళినప్పుడు ఒక డబ్బా ఉప్పు బురద తెచ్చుకుంటే ఇంకా మేలు. దుకాణంలో కొన్న పూలకుండీ మట్టి వద్దు. ఫెయిర్‌కు కనీసం నెల ముందు మొదలుపెట్టండి. మేలో జాగ్రత్త, మా షాపు రేకుల కింద నీళ్ళు ఆవిరైపోయి పై బిళ్ళ ఎండిపోయింది, రెండు రోజులు వెలగలేదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది కాబట్టి ఉప్పు నీళ్ళు కాకుండా మామూలు నీళ్ళే కలపాలి. మా దగ్గర డిస్టిల్డ్ వాటర్‌కు కొదవ లేదు.

అమ్మాయి పదో తరగతికి వచ్చింది, దీని సంగతి మర్చిపోయింది. డబ్బా మాత్రం నా కౌంటర్ కింద ఉంది. సోమవారం సోమవారం లారీ బ్యాటరీలతో పాటు దానికీ నీళ్ళు పోస్తాం. నిన్న చూస్తే నాలుగు సెకన్లకోసారి మెరుస్తోంది.